తిన్నె మీద చెరువు

మా మామ మేస్త్రి. గుడియాత్తంలో ఆ రోజుల్లో మేడ అన్నది ఎక్కడ కనిపించినా అందులో ఆయన చేతిపని ఎంతో కొంత ఉండేది. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తల్లోనే, ఒక అగ్గిపెట్టెల వ్యాపారి ఇంటి పైగోడకు పూత పూస్తూ ఆయన సారువ కొయ్యల మీంచి జారి పడ్డాడు. కింద ఇసుక కుప్ప ఉండబట్టి ప్రాణం నిలిచింది. కుడికాలు మాత్రం తొడ దగ్గర విరిగింది.

వేలూరు పెద్దాసుపత్రిలో చేర్చాం. మా అత్త నా పెళ్ళికి ముందే పోయింది. మా ఆయన బస్సుల షెడ్డులో మెకానిక్కు, సెలవు దొరికేది కాదు. అందుకని మామ దగ్గర ఉండే పని నాదయింది. కాలికి బరువులు కట్టి మంచానికి వేలాడదీశారు. అప్పటిదాకా ఏనాడూ పగటిపూట నడుం వాల్చని మనిషి, పైకప్పు చూస్తూ పడుకోవాల్సి వచ్చింది. ఎదుటి గోడను చూసి, "ఈ సున్నం పూత ఎవుడు పూసినాడో గాని, వాని చేతికి మొక్కల్ల మ్మా" అనేవాడు. కాసేపు సంతోషంగా ఉండేవాడు. మళ్ళీ గోడకేసి చూసి, తాను ఇంక అలాంటి గోడ ఎక్కగలడా అన్న ఆలోచన వచ్చేదేమో, ముఖం అటు తిప్పుకునేవాడు. అప్పుడు గంజి ఇచ్చినా, మజ్జిగ ఇచ్చినా చేదే.

ఆయన నిద్రపోయినప్పుడు నేను వరండాలో తిరిగేదాన్ని. పిల్లల వార్డు వైపు మలుపులో, కిటికీకి ఎడంగా, ఒక బల్ల మీద గాజు తొట్టి ఉండేది. మొదట చేపలు కనబడనే లేదు నాకు. లోపలంతా పచ్చదనం. రిబ్బన్ల లాంటి పొడుగాటి ఆకులు నిలువుగా లేచి, పైకి అంది, అక్కడ నుంచి వాలి నీటి మీద పడుకుని ఉన్నాయి. వాటి ముందు పొట్టి మొక్కలు, కుచ్చు కుచ్చులుగా. ఆ ఆకుల సందులోంచి ఒక చిన్న చేప వచ్చి, నన్ను చూసి, తనకేం పని లేదన్నట్టు వెనక్కి పోయింది. జబ్బుపడిన పిల్లలు ఆ గాజుకు ముక్కులు ఆనించి నిలబడేవాళ్ళు. వాళ్ళ పక్కన నేనూ.

ఆ తొట్టిని చూసుకునేది ఒక పెద్ద నర్సమ్మ. పలమనేరు దగ్గర పల్లెలో పుట్టిన మనిషి, క్రైస్తవురాలు. వార్డులో తమిళం, డాక్టర్లతో ఇంగ్లీషు, నాతో మాత్రం మన మాట. గాజు మీద ఎవరైనా వేలితో కొడితే ఆమె ఎక్కడున్నా వినబడేది.

"అమ్మా, ఇట్లాంటిది ఇంట్లో పెట్టుకోవచ్చునా?" అని ఒకనాడు అడిగాను.

"పెట్టుకోవచ్చు. ఎందుకు పెట్టుకోకూడదు? అయితే అందురూ ముందర చేపలు తెచ్చుకుంటారు, అట్లే చంపుకుంటారు" అంది ఆమె. "ముందర ఇసిక. దాన్ని కడిగి, కడిగి, ఆ కడిగిన నీళ్ళు తాగను మనసయ్యేదాకా కడగాల. ఆపైన మొక్కలు. మొక్క ఏరు పట్టి కొత్త ఆకు ఏసినాక చేప. మేత చిటికెడు. పాపం ఆకలేమో అని జాలిపడితివా, నీళ్ళు కుళ్ళిపోతాయి."

"రోజూ నీళ్ళు మార్చల్లా?"

"ఎందుకు? చెరువుకు ఎవురు మారుస్తాండారు? మొక్కలు బాగుంటే కొంచెం తీసి కొంచెం పోస్తే చాలు."

బరువులు విప్పి పిండికట్టు వేశాక, మామను చక్రాల కుర్చీలో తోసుకుని అక్కడికి తీసుకెళ్ళాను. ఆయన చేపల్ని చూడలేదు, మొక్కల్నీ చూడలేదు. గాజు పలకలు కలిసే మూలల దగ్గర ముఖం పెట్టి, వేలితో కింద బల్ల తడిమి చూశాడు. పొడిగా ఉంది.

"చుక్క కారలేదే!" అన్నాడు. ఆస్పత్రిలో చేరాక ఆ గొంతులో అలాంటి ఆశ్చర్యం వినడం అదే మొదలు. నర్సమ్మ వచ్చి, "అప్పా, చెయ్యి తీ" అనేదాకా ఆ మూల వదల్లేదు.

గుడియాత్తం వచ్చాక కాలు కాస్త పొట్టిదయిందని తేలింది. చేతికర్ర లేకుండా నడవలేడు, సారువ ఎక్కడమన్న మాటే లేదు. పొద్దున్నే ఆయన దగ్గర పని నేర్చుకున్న మనుషులు తాపీలు, సిమెంటు మోసే బొచ్చెలు పట్టుకుని మా వీధిలోనే పనికి పోయేవాళ్ళు. "మేస్త్రీ, ఎట్ల ఉండాది కాలు?" అని అడిగేవాళ్ళు. "ఉండాది" అనేవాడు. అంతే. తిన్నె మీద కూర్చుని ఎండ అటు నుంచి ఇటు జరగడం చూసేవాడు. ఇంటికి ఇద్దరు మగవాళ్ళుండీ, వాళ్ళలో ఒకరు రాయిలా కూర్చుంటే, ఆ ఇల్లు ఎంత బరువుగా ఉంటుందో అప్పుడు తెలిసింది నాకు.

ఒకరోజు బియ్యం ఏరుతూ ఆయన పక్కన కూర్చుని, "మామా, ఆస్పత్రిలో చూసిన చేపల తొట్టి మనకూ కడతావా?" అన్నాను.

ఆయన నన్ను తలతిక్కదాన్ని చూసినట్టు చూశాడు. "నీళ్ళు తాగను తొట్టి కట్టిస్తారు. గొడ్లకు కట్టిస్తారు. చూసుకుంటా కుచ్చోను తొట్టి కట్టించేది యాడన్నా ఉండాదా?"

"కారకుండా కట్టేది కష్టమంట గదా" అన్నాను. కావాలనే అన్నాను.

కాసేపటికి చేతికర్ర తీసుకుని లేచి, తిన్నె చివర, గోడ వారగా, కర్రతోనే నేల మీద ఒక గీత గీశాడు.

నాలుగువైపులా గాజు బిగించే ఇనుప చట్రం పని మా ఊళ్ళో ఎవరికీ తెలియదు. ఆయన ఆలోచన వేరు. మూడు వైపులా ఇటుక, సిమెంటు. వీధివైపు ఒక్క ముఖం గాజు. పటాలు కట్టే అంగడిలో మందపాటి గాజు పలక దొరికింది. కూర్చునే కట్టాడు. కాలు చాపుకుని, నేను అందించిన ఇటుకను అరచేతిలో ఒకసారి తిప్పి చూసి, తాపీ పిడితో తట్టి పెట్టేవాడు. సిమెంటు కలపడం నాకు నేర్పాడు. గట్టిగా ఉంటే, "ఇది సంగటా? నీళ్ళు పొయ్యి" అనేవాడు. పలచనైతే, "రసం కాచినావా మ్మా?" అనేవాడు. సాయంత్రం షెడ్డు నుంచి వచ్చిన మా ఆయన, మా ఇద్దరి చేతులూ సిమెంటుతో బూడిదరంగులో ఉండటం చూసి, తానే పొయ్యి రాజేసుకునేవాడు.

గాజును బయటి వైపు నుంచి ఆనించి, అంచులకు తారు పూసి, పైన సిమెంటు కట్టు వేశాడు. బాగా ఆరనిచ్చాం. నీళ్ళు పోసే రోజున వీధిలో సగం మంది చేరారు. బిందెలు బిందెలుగా పోశాం. గాజు వెనక నీళ్ళు లేస్తుంటే ఎంత ముచ్చటగా ఉందో! మామ ముఖంలో నవ్వు రాబోతున్నది. ఇంతలో గాజు పెద్దగా చప్పుడు కూడా చేయకుండా, సావకాశంగా ముందుకు వాలింది. అందరూ వెనక్కి దుమికారు. తొట్టెడు నీళ్ళూ ఒక్కసారి తిన్నె దిగి, వీధిలోకి పారి, పక్కింటి నేతాయన భార్య ఆరబెట్టుకున్న వడియాల చాప కిందికి పోయాయి.

ఆమె పరుగున వచ్చింది. తమిళావిడ, నన్ను తంగచ్చి, అంటే చెల్లెలు, అని పిలిచేది, నేను ఆమెను అక్క అనేదాన్ని. "ఎన్న తంగచ్చి, వీట్టుక్కుళ్ళే ఆరు వందుడుచ్చా?" అంది. మీ ఇంట్లోకి ఏరు వచ్చిందా అని. కోపంగానే మొదలుపెట్టింది కానీ, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని బురదలో నిలబడ్డ నన్నూ, తడిసి ముద్దయి తాపీ పట్టుకుని కూర్చున్న మామనూ చూసి ఆ మాట చివర్లో నవ్వేసింది. దాంతో వీధంతా నవ్వింది. అదృష్టం కొద్దీ గాజు పగల్లేదు, మెత్తటి మట్టిలో పడింది.

మామ మాత్రం నవ్వలేదు. ఆ పూట అన్నం తినలేదు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. మర్నాడు నీళ్ళ బానకు మూత పెడుతుంటే ఆయన నన్ను పిలిచాడు.

"మ్మా, నీళ్ళు యాడికి తోస్తాయి?"

"బయటికి."

"మరి గాజును బయట నుంచి పెడితే నీళ్ళు దాన్ని పీకుతాయా, అదుముతాయా?"

నేను ఆలోచించేలోపలే ఆయన తొడ చరుచుకున్నాడు. "కట్టేటప్పుడు నా తలకాయ యాడ పెట్టుకున్న్యానో!" లోపలి వైపున గాడి తీసి, గాజును లోపలి నుంచి గోడ అంచుకు ఆనేలా పెడితే, నీళ్ళు ఎంత తోస్తే అంత గట్టిగా అంటుకుంటుంది. ఆ పగలంతా ముందు కట్టింది పగలగొట్టి, మళ్ళీ మొదలుపెట్టాం. ఈసారి నీళ్ళు పోసినప్పుడు ఎవరినీ పిలవలేదు. పక్కింటి అక్క మాత్రం వడియాలు తీసి లోపల పెట్టుకుని, గడపలో నిలబడి చూసింది. నిలిచింది. చుక్క కారలేదు. మామ అంచు పొడుగునా వేలు పెట్టి రాసి, ఆ వేలు నాకు చూపించాడు.

కొత్త సిమెంటు నీళ్ళలో చేప బతకదని మా ఇద్దరికీ తెలుసు, సున్నపు ఘాటుకు చచ్చిపోతుంది. అరటి బోదె ముక్కలు కోసి నీళ్ళలో నానవేస్తే ఆ ఘాటు విరుగుతుందని అక్క చెప్పింది. వేశాం. వారం తిరక్కముందే నీళ్ళు నల్లబడి కంపు కొట్టాయి. పారబోసి, కడిగి, మళ్ళీ బోదెలు, మళ్ళీ కంపు. మా ఆయన ముక్కు మూసుకుని ఇంట్లోకి వచ్చేవాడు. "చేపలు రాకముందే చేపల అంగడి వాసన వస్తాండాదే!" అనేవాడు.

వాసన పోయి, నీళ్ళు నోట్లో వేసుకున్నా చురుక్కుమనకుండా ఉన్నాక, పాలారు ఇసుక తెప్పించి కడిగాను. మొదటి నీళ్ళు మజ్జిగలా, తర్వాత బియ్యం కడుగులా. నర్సమ్మ అన్న తాగబుద్ధి అయ్యే నీళ్ళు రావడానికి నా నడుము పడిపోయింది.

మొక్కల కోసం కావేరిపాక్కం చెరువుకు పోవాలని మామే అన్నాడు. ఆయన ఎప్పుడో అక్కడ తూము మరమ్మతుకు పోయినప్పుడు నీళ్ళలో పొడుగాటి గడ్డి చూశాడట. వేలూరు దాకా ఒక బస్సు, అక్కడ నుంచి ఇంకో బస్సు. ఆస్పత్రి నుంచి వచ్చాక ఆయన ఊరు దాటడం అదే మొదలు. చెరువు కట్ట ఎక్కేసరికి గాలి కొట్టింది, ఎదురుగా అంతులేని నీళ్ళు. ఆయన చేతికర్ర రాళ్ళ సందున గుచ్చి, కండువా తలకు చుట్టుకుని, ముందుకు వంగి, "అదో, అదో! ఆడ చూడు మ్మా!" అని చిన్నపిల్లాడిలా అరిచాడు. అచ్చం ఆస్పత్రి తొట్టిలోని రిబ్బను ఆకులే. నేను మోకాళ్ళ లోతు దిగి, వేళ్ళు తెగకుండా బురదతో సహా పెకలించాను. కుచ్చుల్లాంటి నాచు కూడా తీసుకుని తడి గోనెసంచిలో చుట్టాం.

వల లాగుతున్న ఒక ముసలామె మమ్మల్ని చూసి, ఇంత కష్టపడి గడ్డి పీక్కుపోతున్నారెందుకని అడిగింది. చెప్పగానే ఆమెకు నవ్వాగలేదు. మేము తెచ్చిన కుండలో నీళ్ళు పట్టి, నడినెత్తిన వెండి చుక్క ఉండే చిన్న చేపల్ని, కెండె చేప పిల్లల్ని పోసింది. అందమైనవి ఏమైనా ఉన్నాయా అన్నాను. ఆమె ఒడ్డున గడ్డి పక్కకు తప్పించి చూపించింది. నిప్పురవ్వల్లా ఎర్రగా, పిడికెడు చేపపిల్లలు ఒకే గుంపుగా తిరుగుతున్నాయి. చీర కొంగుతో ఒక్క తోడు తోడి కుండలో వేసింది. అంత అందమైన చేపల్ని నేను అప్పటిదాకా చూడలేదు.

తిరుగు ప్రయాణంలో వేలూరు దాటాక బస్సు ఆపారు. మద్యనిషేధం రోజులు అవి. పోలీసాయన ఎక్కి, సంచులన్నీ తట్టి చూస్తూ, నా ఒళ్ళో గుడ్డ కట్టిన కుండ దగ్గర ఆగాడు.

"పానైలే ఎన్నమ్మా?" అన్నాడు. కుండలో ఏముందని.

"చేపలు సామీ. పెంచుకోను" అన్నాడు మామ.

పోలీసాయన నమ్మలేదు. చేపల్ని ఎవరైనా పెంచుకుంటారా? గుడ్డ విప్పి, సారా వాసన కోసం ముక్కు కుండలో పెట్టాడు. లోపల చీకట్లో ఉన్న చేపలకు ఒక్కసారి వెలుతురు వచ్చేసరికి అన్నీ కలిసి ఎగిరాయి. పోలీసాయన మీసాల నుంచి చెరువు నీళ్ళు కారాయి. ఆయనే ముందు నవ్వాడు. "పో, పో" అని చెయ్యి ఊపి దిగాడు. గుడియాత్తం వచ్చేదాకా మామ భుజాలు కదులుతూనే ఉన్నాయి, లోపల్లోపల నవ్వుకుంటూ.

నర్సమ్మ చెప్పినట్టే చేశాం. చేపల్ని పెద్ద గంగాళంలో ఉంచి ముందు మొక్కలు నాటాను. తెల్లటి మొదలు పూడిపోకుండా వేళ్ళు మాత్రం ఇసుకలోకి. ఇసుక చెదరకుండా ఒక పళ్ళెం పెట్టి, దాని మీద నీళ్ళు సన్నగా పోశాను. మొదటి రోజుల్లో ఆకులు కొన్ని కుళ్ళాయి. ఆపైన నీళ్ళు పచ్చబడి, గాజు వెనక మొక్కలు అసలు కనబడకుండా పోయాయి. పొద్దుటెండ నేరుగా తొట్టి మీద పడుతుండటమే దానికి కారణం. జరుపుదామంటే ఇటుకతో కట్టిన తొట్టి, ఎలా జరుగుతుంది? మామ కొబ్బరాకుల తడిక అల్లించి ఎండవైపు కట్టాడు. కొద్ది రోజులకు నీళ్ళు తేరుకున్నాయి. ఒక ఉదయం చూస్తే, ఇసుకలోంచి పాకిన వేరు చివర వేలెడు కొత్త మొక్క నిలబడి ఉంది. మామను లేపి మరీ చూపించాను.

అప్పుడు చేపల్ని వదిలాం. వీధిలో పోయేవాళ్ళు ఆగడం మొదలైంది. నేతాయన మగ్గం దిగి వచ్చి మామ పక్కన కూర్చునేవాడు. పాలు పోసే ఆమె చెంబు పట్టుకునే నిలబడిపోయేది. తాపీ పనివాళ్ళు సాయంత్రం తిరిగి వస్తూ కూర్చుంటే, మామ గాజు లోపలి నుంచి ఎందుకు పెట్టాలో వాళ్ళకు చెప్పేవాడు. మొదటిసారి బయటి నుంచి పెట్టిన సంగతి కూడా దాచకుండా, నీళ్ళు వీధిలోకి ఎలా పరుగెత్తాయో చేతులతో చూపించి నవ్వించేవాడు.

ఒకటే చిక్కు. చిన్న చేపలు తగ్గిపోతున్నాయి. చచ్చి తేలితే కనబడాలి కదా, అదీ లేదు. అక్క వాళ్ళ పిల్లిని అనుమానించాం. పైన వల కప్పాం. కాకిని అనుమానించి, దిష్టిబొమ్మ లాగా మామ కండువా కట్టాం. అయినా తగ్గుతూనే ఉన్నాయి. ఎర్రచేపలు మాత్రం బాగా పెరుగుతున్నాయి. ఎరుపు పోయి నల్లబడ్డాయి, ఒళ్ళంతా చారలు వచ్చాయి. కొత్త నీళ్ళ వల్లనేమో, రంగు మారిందనుకున్నాను.

అది ఆంధ్ర రాష్ట్రం వేరయిన కొత్త కాలం. ఎక్కడ నలుగురు చేరినా ఏ ఊరు ఎవరికి అన్న మాటే. మా ఆయన మేనమామ పలమనేరు నుంచి వచ్చాడు. తిన్నె మీద తొట్టి ముందు కూర్చుని, "మేమింక ఆంధ్రావోళ్ళం. మీరు ఈడ మద్రాసులో చిక్కినారు. వేలూరు, గుడియాత్తం కూడా మాకే రావల్సింది" అన్నాడు.

నేతాయనకు మా మాట బాగా తెలుసు. ఆయన కూడా పౌరుషంగానే అందుకున్నాడు. "ఎట్ల వస్తాది? చిత్తూరే మాకు రావల్ల."

"చిత్తూరా? బాగుండాదే!"

గొంతులు లేచాయి. మామ మధ్యలో, "యా రాష్ట్రమైతే ఏమప్పా? తాపీ అటు పట్టుకున్న్యా తాపీనే, ఇటు పట్టుకున్న్యా తాపీనే" అన్నాడు. ఎవరూ వినలేదు. మాట మారుద్దామని ఆయన తొట్టి వైపు చూపించాడు. "ఈ చేపల్ని చూడండి, ఎంత బాగా పెరిగినాయో."

మేనమామ వంగి చూశాడు. "ఇవి కొర్రమీను పిల్లలు గదా?"

"కొర్రమీను లేదు ఏమీ లేదు. ఇది విరాల్" అన్నాడు నేతాయన.

"మా చెరువులో పుట్టినదానికి నువ్వు పేరు పెడతావా? కొర్రమీను!"

"కావేరిపాక్కంలో పుట్టింది. మా చెరువు. విరాల్!"

ఇద్దరూ గాజు మీద చేతులు పెట్టి అరుచుకుంటున్నారు. ఆ కొర్రమీనో విరాలో ఆకుల మధ్య నుంచి కదిలినట్టు కూడా తెలియకుండా ముందుకు వచ్చి, వాళ్ళ ముక్కుల ఎదురుగానే, నెత్తిన వెండి చుక్క ఉన్న చేపను గుటుక్కున మింగింది. తోక ఒక్క క్షణం నోట్లోంచి కొట్టుకుని లోపలికి పోయింది.

ఇద్దరి చేతులూ ఒక్కసారే గాజు మీంచి లేచాయి.

"పేరు ఏదైనా, పని ఒకటే చేస్తాండాది" అన్నాడు మామ. ముందు మేనమామ పకపకా నవ్వాడు, తర్వాత నేతాయన. ఆ పూట ఆయనకు కూడా మా ఇంట్లోనే భోజనం. రాష్ట్రాల మాట మళ్ళీ రాలేదని కాదు, వచ్చింది. కానీ గొంతులు అంత లేవలేదు.

ఆ చేపల్ని పులుసు పెడదామని అక్క అంది. చింతపండు కూడా నానబెడతానంది. మామ ససేమిరా ఒప్పుకోలేదు. "నా చేత్తో మేపినాను. నాకు ముద్ద దిగదు" అన్నాడు. ఊరి చివర తోటలో పెద్ద మోటబావి ఉన్న రైతు సంతోషంగా తీసుకుపోయాడు. కుండలోంచి బావిలోకి జారవిడుస్తుంటే నాకు కాస్త బాధ కలిగింది. ఎర్రగా ఉన్నప్పుడు అంత ముద్దుగా ఉండేవి.

మిగిలిన చిన్నచేపలు కొన్నే. వరిమడి కాలువల్లో అలాంటివే ఇంకొన్ని పట్టుకుని వేశాను. ఇప్పుడు భయం లేక మొక్కల్లోంచి బయటికి వచ్చి తిరిగేవి. మొక్కలు తొట్టి వెనక గోడ కనబడనంతగా కమ్ముకున్నాయి. ఒక మధ్యాహ్నం గిన్నెలు తోముకుని వచ్చి చూస్తే నీటి పైన, ఆకుల నీడలో, కంటి రెప్ప వెంట్రుకంత పిల్లలు. ముందు దుమ్మనుకున్నాను. దుమ్ము ఈదదు కదా! కేకపెట్టాను. మామ చేతికర్ర మరిచిపోయి గోడ పట్టుకుని వచ్చాడు. అక్క వచ్చింది. మేము ముగ్గురం ఒకరి తల మీదుగా ఒకరం చూస్తూ ఎంతసేపు ఉన్నామో తెలియదు, పొయ్యి మీద పాలు పొంగిపోయాయి.

ఆ సంవత్సరమే ఊళ్ళోని ఒక ఆడపిల్లల బడి పెద్ద పంతులమ్మ మా వీధిలో పోతూ ఆగింది. బడి వరండాలో అలాంటిది కట్టగలరా అని మామను అడిగింది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. రెండు రోజులు వేలితో నేల మీద గీతలు గీసుకున్నాడు. తర్వాత తన దగ్గర పని నేర్చుకున్న ఇద్దరిని పిలిపించి, తాను కుర్చీలో కూర్చుని, చేతికర్రతో చూపిస్తూ కట్టించాడు. "గాజు లోపల నుంచి! లోపల నుంచి!" అన్న ఆయన అరుపు వీధి చివరికి వినబడిందని మా ఆయన చెప్పాడు. బడి తర్వాత ఒక వైద్యుడి ఇల్లు, ఆ తర్వాత వేలూరులో ఒక బట్టల అంగడి. ఎత్తులు ఎక్కక్కర్లేని పని. ఆయన మళ్ళీ పొద్దున్నే తలపాగా చుట్టుకుని ఇంట్లోంచి బయలుదేరేవాడు. ఆలస్యమైతే నా మీద కేకలేసేవాడు. ఆ కేకలు నాకెంత హాయిగా ఉండేవో!

విరించిపురంలో ఒక భూస్వామి ఇంట్లో కట్టినప్పుడు నన్నూ తోడు తీసుకెళ్ళాడు. మామూలువాటికంటే చాలా పెద్ద తొట్టి, మనిషి లోపల దిగి నిలబడవచ్చు. పని అయ్యాక ఆ ఇంటాయన, "మేస్త్రీ, మొక్కలు ఎవరు పెడతారు? మా తోటమాలిని పిలవనా?" అని అడిగాడు.

"తోటమాలికి నేల మొక్కలు తెలుసు సామీ" అన్నాడు మామ. "ఈ గోడ, గాజు వరకే నాది. లోపలిదంతా మా కోడలిది. ఆమె చెప్పినట్ల ఇనండి."

ఆ ఇంటి ఆడవాళ్ళు మండువాలో నిలబడి చూస్తున్నారు. నాకు సిగ్గేసింది. అయినా చీర బిగించి, మొక్కలున్న గోనెసంచి భుజాన వేసుకుని, మామ చెయ్యి పట్టుకుని తొట్టిలోకి దిగాను. కడిగిన ఇసుక కాళ్ళ కింద చల్లగా ఉంది. పొడుగాటి మొక్కలు వెనక, పొట్టివి ముందు. మొదటి మొక్క తీసి, తెల్లటి మొదలు ఎక్కడుందో చూసుకుని, ఇసుకలో వేలితో గుంట చేశాను.